గాల్ గల్లంతు: మూడు ప్రశ్నలు, ముప్పై ఏళ్లు

1974 జనవరి 22 తెల్లవారుజామున ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హల్ రేవు నుంచి గాల్ అనే ట్రాలర్ చేపల వేటకు బయలుదేరింది. అందులో చివరికి ఉన్నవారు 36 మంది. ఫిబ్రవరి 8న నార్వే ఉత్తర కొసకు అవతల, బేరెంట్స్ సముద్రంలో ఆ ఓడ గల్లంతయింది. ప్రమాదంలో ఉన్నామన్న కబురు ఒక్కటీ రాలేదు. ప్రాణరక్షక తెప్ప దొరకలేదు, నూనె తెట్టు కనిపించలేదు, ఒక్క శవమూ తేలలేదు. ఓడ ఎక్కడుందో కంటితో చూడటానికి 23 ఏళ్లు, ఎలా మునిగిందో అధికారికంగా తేల్చడానికి దాదాపు 31 ఏళ్లు పట్టాయి.

ఈ కథ చెప్పేవారిలో చాలామంది గూఢచర్యంతో మొదలుపెడతారు. రష్యన్లు ఓడను పట్టుకుపోయారని, జలాంతర్గామి వలలో చిక్కుకుని ఓడను కిందికి లాగేసిందని, సిబ్బంది సైబీరియాలో ఎక్కడో బతికే ఉన్నారని రకరకాల కథనాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఖండించుకుంటూ పోతే అసలు విషయం పట్టుబడదు. ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ఓడ ఎలా మునిగింది? మునిగిన సంగతి రోజుల తరబడి ఎవరికీ ఎందుకు తెలియలేదు? ప్రభుత్వం చెప్పిన జవాబును కుటుంబాలు ఎందుకు నమ్మలేదు? ఈ మూడింటినీ విడదీసి చూస్తే గాల్ కథ చాలావరకు అర్థమవుతుంది. అలా చూసినప్పుడు మూడో ప్రశ్నే అన్నిటికన్నా బరువైనదని నాకనిపిస్తుంది.

అంత దూరం ఎందుకు వెళ్లారు?

అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం నార్వే తీరం వెంట పైకి సాగి బేరెంట్స్ సముద్రంలో చేరుతుంది. అందుకే 72 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో కూడా ఆ సముద్రపు నైరుతి భాగం చలికాలంలో గడ్డకట్టదు. ఆ వెచ్చని నీరు, ఉత్తరం నుంచి దిగే చల్లని నీరు కలిసే చోట కాడ్ చేపలు గుంపులు గుంపులుగా దొరుకుతాయి. బ్రిటన్ వీధుల్లో బంగాళాదుంప వేపుళ్లతో కలిపి అమ్మే చేపకు పెద్ద ఆధారం ఈ ఉత్తర సముద్రాలే. అంతకుముందు ఐస్‌లాండ్ చుట్టుపక్కల హల్ ట్రాలర్లకు మంచి వేట ఉండేది. 1972లో ఐస్‌లాండ్ తన చేపల వేట హద్దును 50 మైళ్లకు పెంచింది. దాని మీద రెండు దేశాల మధ్య సముద్రంలోనే ఘర్షణ జరిగి, 1973 నవంబరులో ఒప్పందం కుదిరింది. దాంతో ఐస్‌లాండ్ దగ్గర వేటకు పరిమితులు వచ్చాయి. నార్వే ఉత్తర జలాల మీద ఆధారపడటం పెరిగింది.

హల్‌లో ట్రాలర్ల మీద బతికే కుటుంబాలు ఎక్కువగా హెస్సెల్ రోడ్ అనే ప్రాంతంలో ఉండేవి. భర్త వేటకు వెళ్లిన రోజు అక్కడి ఆడవాళ్లు బట్టలు ఉతికేవారు కాదు. ఉతికితే మనిషిని సముద్రం తీసుకుపోతుందని నమ్మకం. రేవు దాకా వెళ్లి చెయ్యి ఊపి సాగనంపడమూ అశుభమే. చావు అంత దగ్గరగా తిరిగే వీధిలో పుట్టిన నమ్మకాలివి. ఈ వృత్తిలో హల్ నగరం తరతరాలుగా పోగొట్టుకున్నవారు సుమారు 6,000 మంది అని అక్కడివారి లెక్క.

గాల్ కన్నా ఆరేళ్ల ముందు, 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మూడు వారాలు తిరిగేసరికి ఆ ఊరి ట్రాలర్లు మూడు మునిగిపోయాయి. సెయింట్ రోమానస్, కింగ్‌స్టన్ పెరిడాట్, రాస్ క్లీవ్‌లాండ్. చనిపోయినవారు 58 మంది. మొదటి ఓడలో రేడియో ఆపరేటరే లేడు. జనవరి 10న రేవు విడిచిన ఆ ఓడ కోసం గాలింపు మొదలైంది 26న. ఆ దుఃఖంలోంచి లిలియన్ బిలోకా అనే మహిళ ముందు నిలబడి హెస్సెల్ రోడ్ ఆడవాళ్లను కూడగట్టింది. ఊరేగింపు తీశారు, రేవులో అడ్డంగా నిలబడి రేడియో ఆపరేటర్ లేని ఓడను వెళ్లనివ్వబోమన్నారు, లండన్ వెళ్లి మంత్రులను కలిశారు. రేడియో ఆపరేటర్ తప్పనిసరి, రోజుకోసారి క్షేమ సమాచారం, ఉత్తర జలాల్లో తోడుగా ఒక సహాయ నౌక వంటి నిబంధనలు ఆ పోరాటం వల్లే వచ్చాయి. గాల్‌లో రేడియో ఆపరేటర్ ఉన్నాడంటే, రోజూ కబురు పంపాలన్న నియమం ఉందంటే, ఆ ఆడవాళ్ల పుణ్యమే.

ఇక గాల్ పాతకాలపు ఓడ కాదు. 1972లో లోస్టోఫ్ట్‌లోని బ్రూక్ మెరీన్ యార్డులో తయారైంది. అప్పట్లో దాని పేరు రేంజర్ కాస్టర్. 1973లో బ్రిటిష్ యునైటెడ్ ట్రాలర్స్ సంస్థ కొని పేరు మార్చింది. పొడవు 66 మీటర్లు, స్థూల టన్నేజీ 1,106. వలను వెనుక భాగం నుంచి వాలుదారి మీదుగా పైకి లాగుతుంది. చేపను అక్కడికక్కడే కోసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి నిల్వ చేసే ఫ్యాక్టరీ ఓడలోనే ఉంటుంది. ఇలాంటి ఓడ మునగడం జరగని పని అని హల్ రేవులో అనుకునేవారు. పాత ట్రాలర్లలో మనిషి బయట డెక్ మీద అలల్లో నిలబడి చేపలు కోయాలి. ఇందులో లోపల, కప్పు కింద పనిచేయవచ్చు. రెండేళ్లు కూడా నిండని ఓడ, తుపానులో ఒక్క మాటైనా పలకకుండా మాయమవడం కుటుంబాలకు మింగుడుపడలేదు. మునక ఎలా జరిగిందో తెలిశాక చూస్తే, భద్రమని అందరూ అనుకున్న ఆ కప్పు కింది గదిలోనే ప్రమాదం మొదలైంది.

ఆఖరి ఉదయం

హల్ నుంచి బయలుదేరిన కొన్నాళ్లకే మేట్, అంటే కెప్టెన్ తర్వాతి అధికారి, జబ్బుపడ్డాడు. ఆయన్ను నార్వేలో దింపి, ట్రామ్సో రేవులో మరొకరిని ఎక్కించుకున్నారు. జనవరి 29న వేట మొదలైంది. ఫిబ్రవరి 8 నాటికి నార్వే ఉత్తర కొస అయిన నార్త్ కేప్‌కు ఉత్తరాన వాతావరణం పూర్తిగా చెడిపోయింది. బ్యూఫోర్ట్ కొలమానంలో గాలి పదో స్థాయిని తాకింది. అంటే గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. ఆ గాలికి అలలు తొమ్మిది పది మీటర్లు లేస్తాయి. ఆ అక్షాంశంలో ఫిబ్రవరి రెండో వారంలో పగటి వెలుతురు కొద్ది గంటలే.

అలాంటప్పుడు వేట ఆపేస్తారు. ఓడ ముందు భాగాన్ని గాలికి ఎదురుగా పెట్టి, ఇంజన్ నెమ్మదిగా నడుపుతూ, తుపాను తగ్గేదాకా ఉన్నచోటనే కాచుకుంటారు. ఆ ఉదయం తామూ అదే చేస్తున్నామని గాల్ తోటి ట్రాలర్లకు రేడియోలో చెప్పింది. స్వానెల్లా అనే మరో హల్ ట్రాలర్ దాన్ని కంటితో చూసింది కూడా. పదకొండు దాటాక స్కాట్లాండ్‌లోని విక్ రేడియో కేంద్రం ద్వారా రెండు వ్యక్తిగత టెలిగ్రాములు వెళ్లాయి. ఇంటివారికి పంపే మామూలు కబుర్లు అవి. వాటిలో ఆందోళన జాడ లేదు. గాల్ నుంచి వచ్చిన చివరి మాటలవే.

9న రోజువారీ కబురు రాలేదు. 10న కూడా రాలేదు. యజమానులు అధికారులకు హెచ్చరిక చేసింది 11న. అప్పుడు గాలింపు పెద్దఎత్తున జరిగింది. నార్వే దగ్గర విన్యాసాల్లో ఉన్న హెచ్‌ఎంఎస్ హెర్మిస్ అనే విమాన వాహక నౌక వెళ్లింది. సముద్రాన్ని గాలించే నిమ్రాడ్ విమానాలు ఎగిరాయి. నార్వే నౌకలు, చుట్టుపక్కల ట్రాలర్లు వెతికాయి. ఏమీ దొరక్క 15న ఆపేశారు.

రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. 1968 తర్వాత నియమం వచ్చిందే కానీ, కబురు రాకపోతే ఎన్ని గంటల్లో ఎవరు కదలాలన్నది ఆచరణలో గట్టిపడలేదు. పైగా ట్రాలర్ల లోకంలో మౌనం కొత్త కాదు. మంచి వేట దొరికిన చోటు పోటీ ఓడలకు తెలియకూడదని కెప్టెన్లు రేడియోలో మాట పొదుపు చేసేవారు. తుపానులో యాంటెన్నా పోయి ఉండవచ్చనీ అనుకోవచ్చు. ఈ కారణాలన్నీ విన్నాక కూడా, రోజూ కబురు పంపాల్సిన ఓడ వరుసగా రెండు రోజులు పలకకపోతే మూడో రోజున గానీ కదలిక రాకపోవడాన్ని సమర్థించలేం. ఆ మూడు రోజుల్లో తుపాను సముద్రం తేలే వస్తువులను, నూనె తెట్టును ఎటో తీసుకుపోయింది. ముందే వెళ్లి ఉంటే మనుషులు దక్కేవారని చెప్పడం కష్టం. ఓడ ఎక్కడ మునిగిందో తెలిపే గుర్తులు మాత్రం దొరికే అవకాశం ఉండేది.

మే నెలలో ఒక నార్వే సీల్ వేట ఓడకు గాల్ పేరున్న లైఫ్‌బాయ్, అంటే నీళ్లలో పడ్డ మనిషి పట్టుకుని తేలే చక్రం, ఒకటి దొరికింది. అదొక్కటే. మూడు నెలల తర్వాత, ఒంటరిగా. దాన్ని కూడా ఎవరో కావాలని నీళ్లలో వదిలారని అనుమానించినవారున్నారు.

అనుమానం ఎలా పెరిగింది?

1974లోనే హల్‌లో అధికారిక విచారణ జరిగింది. వరుసగా విరుచుకుపడ్డ భారీ అలల తాకిడికి ఓడ తలకిందులై మునిగిందని తేల్చారు. ఓడ లేదు, సాక్షి లేడు, శవం లేదు. ఉన్నవల్లా వాతావరణ నివేదికలు, ఓడ నమూనాలు, తోటి కెప్టెన్ల మాటలు. ఆ ఆధారాలతో అంతకుమించి చెప్పలేరు, నిజమే. కానీ అదే తుపానులో, అదే జలాల్లో ఉన్న మిగతా ట్రాలర్లు తిరిగి వచ్చాయి. ఇదొక్కటే ఎందుకు పోయిందని అడిగిన భార్యకు, తల్లికి ఆ నివేదికలో సమాధానం లేదు.

గాల్ మాయమైన చోటు మామూలు చోటు కాదు. దానికి ఆగ్నేయంగా కోలా ద్వీపకల్పం, మూర్మాన్స్క్, సెవెరోమోర్స్క్ ఉన్నాయి. సోవియట్ ఉత్తర నౌకాదళం కేంద్రం అదే. అణు జలాంతర్గాములు అట్లాంటిక్‌లోకి వెళ్లాలంటే నార్వేకు, బేర్ దీవికి మధ్య ఉన్న జలాల గుండానే పోవాలి. ఇరుపక్షాలూ ఒకరినొకరు ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉన్న సముద్రం అది. సోవియట్లు తమ గూఢచారి నౌకలను ట్రాలర్ల రూపంలో తిప్పేవారన్నది అందరికీ తెలిసిన సంగతే. మరి బ్రిటన్?

ఇక్కడే ప్రభుత్వం చిక్కుముడి వేసింది. బ్రిటిష్ ట్రాలర్లను గూఢచర్యానికి వాడారన్న మాటను రక్షణ శాఖ మొదట్లో కొట్టిపారేసింది. 1975లో ఒక టెలివిజన్ కార్యక్రమం ఆ అనుమానాన్ని బహిరంగంగా చర్చకు పెట్టింది. హల్ రేవులో మాత్రం ఇది రహస్యం కాదు. కొందరు కెప్టెన్లకు కెమెరాలు ఇచ్చి, ఎదురైన సోవియట్ నౌకల ఫొటోలు తీసుకురమ్మని అడిగేవారని అక్కడివారికి తెలుసు. చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వమూ ఒప్పుకుంది: అవును, కొన్ని ట్రాలర్లు సమాచారం సేకరించేవి, గాల్ మాత్రం ఆ పనిలో లేదు.

ఈ వాక్యంలో మొదటి సగాన్ని అన్నేళ్లు దాచినవారు రెండో సగం నిజమని చెబితే ఎవరు నమ్ముతారు? గాల్ విషయంలో ప్రభుత్వం చెప్పింది నిజమేనని నేను నమ్ముతున్నాను. 2004 నాటి రెండో విచారణలో ఫైళ్లు తెరిచి చూశాక వచ్చిన నిర్ధారణ కూడా అదే. అయినా కుటుంబాల అనుమానాన్ని కుట్ర సిద్ధాంతమని తోసిపుచ్చడం అన్యాయం. వాళ్లు ఊహించుకున్న జవాబు తప్పు కావచ్చు, అనుమానించడానికి వాళ్ల దగ్గరున్న కారణాలు మాత్రం గట్టివి.

మనిషి చనిపోయాడన్న కబురుకన్నా పట్టుబడ్డాడన్న ఊహ ఓర్చుకోదగ్గది. తెలుగు తీరంలో ఇది తెలియనిది కాదు. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నాక, 2020 జనవరి 6న వారిలో 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. సముద్ర సరిహద్దులో మనిషి కనిపించకపోతే ఇంకో దేశం చెరలో ఉండవచ్చన్నది పిచ్చి ఊహ కాదు, జరిగే పనే. సోవియట్ జలాలకు అంత దగ్గరగా మాయమైన ఓడ గురించి హల్ ఆడవాళ్లు అలా ఆశపడటంలో వింతేముంది? తేడా ఏమిటంటే శ్రీకాకుళం వాళ్లకు ఫలానా జైల్లో ఉన్నారన్న కబురైనా అందింది. హల్‌కు అవునని గానీ కాదని గానీ ఆధారంతో చెప్పినవారు లేరు.

ఆధారం సంపాదించే దారి ఉంది. ఓడను వెతకడం. 1970ల నుంచీ కుటుంబాలు అడిగింది అదే. సముద్రం అడుగున దాన్ని కనుక్కోవడం దాదాపు అసాధ్యమని, కనుక్కున్నా తెలిసేదేమీ ఉండదని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. 1975లో ఒక నార్వే ట్రాలర్ వల ఆ ప్రాంతంలోనే అడుగున ఏదో పెద్ద అడ్డంకికి తగులుకుంది. ఆ చోటు వివరాలు నమోదయ్యాయి, అధికారులకూ చేరాయి. అయినా వెళ్లి చూడలేదు.

1997 ఆగస్టులో ఒక టెలివిజన్ బృందం వెళ్లి చూసింది. వెతుకులాట మొదలైన కొద్ది గంటల్లోనే గాల్ దొరికింది. నార్త్ కేప్‌కు ఉత్తరాన సుమారు 70 మైళ్ల దూరంలో, 280 మీటర్ల లోతున. ఆఖరిసారి కబురు పంపిన ప్రాంతంలోనే ఉంది. ఎవరూ ఎక్కడికీ లాక్కుపోలేదు. 23 ఏళ్లు అసాధ్యమన్న పని గంటల్లో అయిపోయింది. ఆ వార్త విన్న కుటుంబాలకు ఓడ దొరికిందన్న ఊరటకన్నా, ఇన్నాళ్లూ ఎందుకు వెతకలేదన్న కోపమే ఎక్కువ కలిగిందంటే అర్థం చేసుకోవచ్చు.

ఆ తర్వాత కథ వేగంగా కదిలింది. 1998లో బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం నీటి అడుగున కెమెరాలతో పరిశీలించింది. అలాంటి వాతావరణంలో మూసి ఉండాల్సిన కొన్ని తలుపులు, మూతలు తెరిచి ఉన్నాయని చూసింది. హల్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన, ఒకప్పుడు తానే ఓడల్లో పనిచేసిన ఉపప్రధాని జాన్ ప్రెస్కాట్ హయాంలో, 1999లో విచారణను తిరిగి తెరవాలని నిర్ణయించారు. 2002లో మరో పరిశీలన జరిగింది. ఓడ లోపల మానవ అవశేషాలు దొరికాయి. డీఎన్‌ఏ పరీక్షలో నలుగురు సిబ్బందిని గుర్తించారు. సైబీరియా కథనానికి అక్కడితో నూకలు చెల్లాయి. 2004లో జస్టిస్ డేవిడ్ స్టీల్ హల్‌లో వారాల తరబడి విచారణ జరిపి, డిసెంబరులో నివేదిక ఇచ్చారు.

రెండు తూములు

ఇక మొదటి ప్రశ్న. గాల్‌లో వల దించే పై డెక్ కింద ఫ్యాక్టరీ డెక్ ఉండేది. చేపలు అక్కడికి జారతాయి. పొట్ట చీల్చడం, తల తీయడం, ముక్కలు కోయడం అన్నీ అక్కడే. పేగులు, తలలు, పనికిరాని చేపలు, వలతో పాటు వచ్చిన చెత్త అంతా సముద్రంలో పారబోయాలి. దానికోసం ఓడ కుడి పక్క గోడకు రెండు తూములు పెట్టారు. ఒకటి చెత్తకు, ఇంకోటి పేగులకు. అవి ఉన్నది నీటిమట్టానికి మరీ ఎత్తున కాదు.

ఓడ గోడకు రంధ్రం పెట్టినప్పుడు నీళ్లు లోపలికి రాకుండా రక్షణ ఉండాలి. ఒక్కో తూముకు రెండు అంచెల రక్షణ ఉంది. బయటి పక్క ఒక రేకు తలుపు వేలాడుతుంది. లోపలి నుంచి వ్యర్థాలు నెడితే తెరుచుకుంటుంది, బయటి నుంచి అల కొడితే మూసుకుంటుంది. లోపలి పక్క బిగించే మూత ఉంటుంది. పని లేనప్పుడు దాన్ని వేసి బిగించాలి. బయటి తలుపు సరిగ్గా పనిచేసినంత కాలం లోపలి మూత గురించి ఎవరికీ పట్టింపు ఉండదు. ఉప్పునీటిలో, చేపల జిగురులో, చలిలో నిత్యం నానే ఆ తలుపు కదలకుండా బిగుసుకుపోతే మాత్రం రెండు అంచెల్లో మిగిలేది ఒకటే. ఆ మూత కూడా తెరిచి ఉంటే అల వచ్చిన ప్రతిసారీ నీళ్లు నేరుగా ఫ్యాక్టరీలోకి వస్తాయి. పడి ఉన్న గాల్‌లో ఆ రెండు తూములూ తెరిచే ఉన్నాయి.

కొన్ని నీళ్లు వస్తే ఏమవుతుంది, వెయ్యి టన్నుల ఓడ కదా అనిపించవచ్చు. ఇక్కడే భౌతికశాస్త్రం తెలియాలి. నిండు బిందెను చంకన పెట్టుకుని నడవడం సులువు, వెడల్పాటి తాంబాళంలో నాలుగు చెంబుల నీళ్లు పోసి ఒలకకుండా మోయడం కష్టం. పళ్లెం కొంచెం వంగగానే నీళ్లన్నీ అటే పరుగెత్తి దాన్ని ఇంకా వంచుతాయి. ఫ్యాక్టరీ డెక్ గోడ నుంచి గోడకు పరుచుకున్న వెడల్పాటి గది. మామూలు ఓడ ఒక పక్కకు ఒరిగితే, దాని ఆకారమే దాన్ని తిరిగి నిలబెడుతుంది. లోపల నీళ్లు స్వేచ్ఛగా కదులుతుంటే, ఒరిగిన పక్కకే ఆ బరువు చేరి ఆ శక్తిని తినేస్తుంది. నీటి పరిమాణం కన్నా అది పరుచుకున్న వెడల్పే ఇక్కడ ముఖ్యం. ఓడల ఇంజనీర్లు కార్ల ఫెర్రీలంటే భయపడేదీ ఇందుకే. అడ్డుగోడలు లేని వెడల్పాటి డెక్ మీద కొన్ని అంగుళాల నీరు చాలు.

గాల్‌లో తూములు కుడి పక్కన ఉన్నాయి. నీళ్లు వచ్చేకొద్దీ ఓడ కుడికి ఒరుగుతుంది. ఒరిగేకొద్దీ తూములు నీటికి ఇంకా దగ్గరవుతాయి. నీళ్లు ఇంకా వేగంగా వస్తాయి. చేపలు కడిగిన నీటిని తోడే పంపులు ఫ్యాక్టరీలో ఉంటాయి, కానీ అవి చేప ముక్కలతో పూడుకుపోవడం మామూలే. పైన ఉన్న కెప్టెన్‌కు కింద ఏం జరుగుతోందో వెంటనే తెలియదు. వేట ఆపేశాక ఫ్యాక్టరీలో మనుషులు ఉండాల్సిన పనీ లేదు. ఓడ ఒరిగి సరిగా లేవడం లేదని అనుమానం వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. ఆ ఒరుగును సరిచేయాలని ఓడను తిప్పే ప్రయత్నం చేసి ఉంటారని, ఆ మలుపే దాన్ని ఇంకా ఒరిగేలా చేసిందని, నీళ్లు తెరిచి ఉన్న ఇతర తలుపుల గుండా కిందికి దిగాయని విచారణ అభిప్రాయపడింది. అలా ఒక్కసారి పక్కకు పడ్డాక రేడియో గదిలో మనిషి నిలబడటమే కష్టం. కబురు పంపే వ్యవధి లేకపోవడానికి గూఢచారులెవరూ అక్కర్లేదు.

ఈ వివరణ నాకు నమ్మదగినదిగానే కనిపిస్తుంది. దొరికిన ఓడ స్థితికి సరిపోతుంది, మౌనానికి కారణం చెబుతుంది, మిగతా ట్రాలర్లు ఎందుకు బతికాయో కూడా చెబుతుంది. అదే అలలు అందరినీ కొట్టాయి, గోడకు ఆ తెరిచిన తూములున్నది దీనికే. 1974 నాటి విచారణ అలల దగ్గర ఆగిపోయింది, అలలకు దారి ఇచ్చిందేమిటన్న ప్రశ్నకు ఓడ కనిపించాకే జవాబు వచ్చింది.

కుటుంబాల్లో చాలామందికి మాత్రం ఇది రుచించలేదు. వారి అభ్యంతరం గూఢచర్యం గురించి మాత్రమే కాదు. మూతలు తెరిచి ఉంచారంటే తప్పు చనిపోయినవారిదే అన్నట్టు అవుతుంది, జవాబు చెప్పుకోవడానికి వాళ్లు లేరు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లోపలి మూత వేయలేదన్నది సిబ్బంది పనే అనుకుందాం. బయటి తలుపు బిగుసుకుపోయే తీరులో తయారైంది ఎవరి వల్ల? దాన్ని ఎప్పటికప్పుడు చూడాల్సిందెవరు? ఆ రంధ్రాల వల్ల ఓడ మునగగలదని మనుషులకు చెప్పిందెవరు? ఓడ కొత్తదని, మునగదని చెప్పి పంపినప్పుడు, చేపల పేగులు పారబోసే తూము ప్రాణాంతకమని అందులో పనిచేసేవాడికి తోచే అవకాశం ఎంత? చివరిగా మూత ముట్టుకున్న చేతి దగ్గర ఆగిపోయే విచారణ ఎక్కడైనా సగం విచారణే.

అసలు ఈ ఓడ విషయంలో ప్రభుత్వం కదిలిన తీరుకు సరిపోలేది ఇంకోటుంది. 1980లో 44 మందితో జపాన్ దగ్గర మునిగిన డెర్బీషైర్ అనే భారీ సరుకు నౌకనూ ప్రభుత్వం వెతకలేదు. కార్మిక సంఘాల డబ్బుతో 1994లో కనుక్కున్నారు. ఆ తర్వాతే మళ్లీ విచారణ జరిగింది. రెండింట్లోనూ కదలిక తెచ్చింది కుటుంబాల పట్టుదల, బయటివారి డబ్బు.

ఇప్పుడు పెద్ద ఓడల్లో, చాలా దేశాల చేపల ఓడల్లో ఒక చిన్న రేడియో పరికరం ఉంటుంది. ఓడ మునిగి కొన్ని మీటర్ల లోతుకు వెళ్లగానే నీటి ఒత్తిడికి దాని బంధం తెగి, పైకి తేలి, ఎవరూ మీట నొక్కకుండానే ఉపగ్రహానికి ప్రమాద సంకేతం పంపుతుంది. ఆ సంకేతాలు అందుకునే ఉపగ్రహ వ్యవస్థ 1982లో పని మొదలుపెట్టింది. మన మత్స్యకారుల పడవల కోసం ఇస్రో కూడా ఒక ప్రమాద హెచ్చరిక పరికరాన్ని తయారుచేసింది, దానికి మనిషి మీట నొక్కాలి. గాల్‌లో తనంతట తాను తేలే పరికరం ఉన్నా ఆ 36 మంది బతికేవారని చెప్పలేం. ఆ నీళ్లలో పడ్డ మనిషికి మిగిలేది నిమిషాలే. ఓడ ఎక్కడ మునిగిందో మాత్రం అదే రోజు మధ్యాహ్నానికి తెలిసేది. దాన్ని లాక్కుపోయారా లేదా అన్న ప్రశ్నే పుట్టేది కాదు, తూములు తెరిచి ఉన్నాయన్న సంగతి 1974 విచారణలోనే బయటపడే వీలుండేది, అదే నమూనాలో కట్టిన మిగతా ఓడల మీద పనిచేస్తున్నవారికి ఆ హెచ్చరిక సకాలంలో చేరేది.